వార్ధక్యమున పరిచర్య: హోసూరు కార్మికుల లోటు

హోసూరు, కృష్ణగిరి సీమలలో తరతరములుగా నెలకొన్న తెలుగు కుటుంబములకు చిరకాలము భూమియే ఆధారమై యుండెను. రాగిచేను, చింతచెట్లు, మామిడితోట, నాలుగు పశువులు, వీనితోబాటు ఉమ్మడి కుటుంబము. మంచము పట్టిన వృద్ధులకు ఇంటనే ఎవరో ఒకరు దిక్కుగా నుండెడివారు. ఆ దిక్కు చాలవరకు కోడండ్రు, కూతుండ్రు. వారి శ్రమకు వెల కట్టిన వారు లేరు గనుక అది ఏ లెక్కలోను వ్యయముగా ఎక్కలేదు.

1971లో సిప్కాట్ సంస్థ ఏర్పడిన పిమ్మట హోసూరు రూపు మారినది. 1980 ప్రాంతమున అశోక్ లేలాండ్, టీవీఎస్ కర్మాగారములును, ఆ దశాబ్దముననే టైటాన్ గడియారముల కర్మాగారమును వచ్చినవి. ఇరువదేండ్ల ప్రాయమున యంత్రముల ముందు నిలిచిన ఆ తొలి తరము నేడు అరువదైదు దాటుచున్నది. వారి బిడ్డలలో పలువురు బెంగుళూరులోనో, కడలి కావలనో ఉన్నారు. జీతగాండ్రుగా ముసలివారైన మొదటి తరము మనకు వీరే.

వీరికి ప్రభుత్వము ఏమియు చేయలేదనుట సత్యము కాదు. అదార్కరుగారి 1944 నాటి నివేదిక పునాదిగా 1948లో కార్మిక రాజ్య భీమా చట్టము వెలువడినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆ పథకము అమలులోనికి వచ్చినది. ఆ యేటనే భవిష్యనిధి చట్టము, 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకము వచ్చినవి. 2019 జూలై నుండి ఈ.ఎస్.ఐ.కి కార్మికుడు వేతనములో నూటికి 0.75, యజమాని 3.25 వంతున చెల్లించు ఏర్పాటైనది. రోగమునకు, గాయమునకు, ప్రసవమునకు, మరణమునకు ఇందు రక్షణ గలదు. 2025 నవంబరులో ఈ చట్టములు సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. అందును మేము వెదకుచున్న దొకటి కానరాదు.

చికిత్స వేరు, పరిచర్య వేరు. వైద్యుడు రక్తపోటునకు మందిచ్చును. పక్షవాతమున పడియున్నవానిని ప్రక్కకు ఒత్తిగిలజేయుటకు, స్నానము చేయించుటకు, ముద్ద కలిపి తినిపించుటకు ఆయన మనిషిని పంపడు. ఆ పని దినమునకు పదిమార్లు, ఏండ్ల తరబడి కావలెను. తలిదండ్రుల పోషణకై వచ్చిన 2007 నాటి చట్టము బిడ్డలచే నెలకు గరిష్ఠముగా పదివేల రూపాయల భరణ మిప్పింపగలదు. భారమును మరల ఇంటిమీదనే మోపిన ఆ చట్టమును మేము తప్పు పట్టము. కాని అది భీమా కాదు.

జర్మనీ దేశము 1995 జనవరి 1న పరిచర్య భీమాను ప్రారంభించినది. చందాను కార్మికుడును యజమానియు చెరిసగము చెల్లింతురు. యజమానుల నష్టము పూడ్చుటకై అచట, సాక్సనీ రాష్ట్రము తప్ప, ఒక మతపరమైన సెలవుదినమునే రద్దు చేసిరి! మనకు ముఖ్యమైన దింకొకటి. ఇంటనే వృద్ధుని కనిపెట్టుకొనియుండు బంధువునకు, నియమములకు లోబడి, ఆ నిధి పింఛను చందాను గూడ చెల్లించును. ఏ లెక్కకును ఎక్కని కోడలి శ్రమ అచట లెక్క కెక్కినది. జపానులో 2000 ఏప్రిల్ నుండి నలువది నిండిన వారెల్లరు చందా కట్టుచున్నారు. వ్యయములో సగము పన్నులనుండి వచ్చును. మన యువకులు పెక్కుమంది నివసించు అమెరికా వాషింగ్టను రాష్ట్రమున 2023 జూలై నుండి వేతనములో నూటికి 0.58 వంతు ఇందులకై మినహాయించుచున్నారు. 2024 నవంబరున దానిని ఐచ్ఛికము చేయవలెనన్న ప్రతిపాదనను ఓటర్లు త్రోసిపుచ్చిరి. అనగా, హోసూరున తండ్రి కెన్నడును లేని భీమాకు అచట కొడుకు చందా కట్టుచున్నాడు.

మన జిల్లా ఈ చరిత్రకు వెలుపల లేదు. 2021 ఆగస్టు 5న, తమిళనాడు ప్రభుత్వము ఇంటింటికి వైద్యమును గొనిపోవు పథకమును కృష్ణగిరి జిల్లా సామనపల్లి గ్రామముననే ప్రారంభించినది. మధుమేహమునకు, రక్తపోటునకు మందులు గుమ్మము కడకే వచ్చును; మంచము పట్టినవారికి ఉపశమన సేవ, అంగవ్యాయామము చేయించువారును వత్తురు. మేలైన పని. అయితే ఇది ఖజానానుండి వచ్చు సహాయము. ఏటేట బడ్జెట్టుపై ఆధారపడును. చందా కట్టినవాడు హక్కుగా అడుగదగినది కాదు. పైగా వచ్చినవారు కొంతసేపటికి వెడలిపోవుదురు. మిగిలిన దినమంతయు ఇంటివారిదే.

ఆ పథకమునందలి స్త్రీ కార్యకర్తలను స్వయంసహాయక సంఘములనుండి ఎన్నుకొనుట మనకు విశేషముగా మేలు. మతిమరపు వ్యాధి సోకిన వృద్ధులు తరచు తరువాత నేర్చిన భాషను ముందుగా మరతురు. ముప్పది యేండ్లు కర్మాగారమున తమిళమున, ఆంగ్లమున పని నడపిన వాడును మంచముపై “దప్పిక” యనియే అడుగును. పరిచర్య భీమా యెన్నడు వచ్చినను, ఆ మాట తెలిసిన మనిషిని మన గ్రామములనుండియే తీసి శిక్షణ నీయవలెనని కోరుటకు మన సంఘములు ఇప్పుడే పూనుకొనవచ్చును.