క్యాన్సర్ పదజాలం: చరిత్ర

కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే గడ్డలకు, జబ్బులకు తొలినాళ్లలో పడ్డ పేర్లన్నీ కంటికి ఆనినదాన్ని బట్టి పెట్టినవే. గుండ్రంగా, కదలకుండా, లోతుగా పాతుకుని, మెల్లగా పెరుగుతూ, చీము పట్టని వాపును సుశ్రుత సంహిత అర్బుదం అంది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో మానని పుండుకు 'కార్కినోస్', అంటే పీత, అన్న పేరు కనిపిస్తుంది. రోమన్ రచయిత సెల్సస్ లాటిన్‌లో దాన్నే 'క్యాన్సర్' అన్నాడు. తెలుగులో రాచపుండు, పుట్టకురుపు అన్నవీ పైకి కనబడే పుండును చూసి అన్న మాటలే.

సూక్ష్మదర్శిని వచ్చాక చూపు మారింది. గడ్డలు కూడా కణాలతో తయారైనవేనని 1838లో జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ చూపాడు. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ విర్కో, ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని 1858లో చాటాడు. అంతకుముందే, తెల్లకణాలు విపరీతంగా పెరిగిన రక్తాన్ని పరిశీలించి 'లుకేమియా' అన్న పేరు పెట్టిందీ ఆయనే. గడ్డే లేని క్యాన్సర్ అది.

ఇప్పటి వైద్య రిపోర్టులో 'ట్యూమర్' అన్న మాట కనబడగానే ఇల్లంతా కుప్పకూలిపోతుంది. నిజానికి ఆ మాటకు కణితి అనే తప్ప క్యాన్సర్ అని అర్థం లేదు. చర్మం కింద మెత్తగా తగిలే కొవ్వు గడ్డ లైపోమా, గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ హానిచేయని కణితులు, ఉన్నచోటే పెరుగుతాయి. హానికర కణితి పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతుంది, రక్తం ద్వారానో లింఫు ద్వారానో దూరపు అవయవాలకు చేరుతుంది. ఇలా పాకడమే మెటాస్టాసిస్. చర్మం, అవయవాల లోపలి పొరల్లో పుడితే కార్సినోమా. ఎముక, కండరం, కొవ్వుల్లో పుడితే సార్కోమా. చివర 'ఓమా' ఉందని నిశ్చింతగానూ ఉండలేం, బెంబేలూ పడనక్కర్లేదు: లైపోమా మంచిది, మెలనోమా, లింఫోమా క్యాన్సర్లు.

క్యాన్సర్‌కు ముందు మెట్టుకూ పేర్లున్నాయి. కణాల రూపం, అమరిక చెడితే డిస్‌ప్లాసియా. క్యాన్సర్ కణాలు పుట్టిన పొర దాటకపోతే 'కార్సినోమా ఇన్ సిటు'. ఈ పేరు 1932లో అమెరికన్ వైద్యుడు బ్రోడర్స్ పెట్టాడు. ఉదాహరణకు, ఉత్తరాంధ్ర తీరాన అడ్డపొగ తాగే ఆడవాళ్లలో, చుట్టకు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకోవడం వల్ల, అంగిలి తెల్లబారి మందంగా అవుతుంది. ఆ మచ్చ అప్పటికింకా క్యాన్సర్ కాకపోవచ్చు. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే అది ఏ మెట్టు మీద ఉందో తెలుస్తుంది.