నిజాం కోసం చీకట్లో దిగిన విమానాలు: సిడ్నీ కాటన్ కథ

పోయిన నెల మా తిరువూరులో ఒక పెళ్లికి వెళ్లాను. వీడియో తీసే కుర్రాడు డ్రోన్ పైకి లేపబోతుంటే ఒక కానిస్టేబుల్ వచ్చి, "బాబూ, వీఐపీ వస్తున్నారు, ఇవాళ రేపు ఎగరెయ్యకూడదు" అన్నారు. కుర్రాడి మొహం మాడిపోయింది. పెళ్లికూతురి తమ్ముడైతే నా దగ్గరికొచ్చి "ఆకాశం కూడా వాళ్లదేనా అన్నా?" అన్నాడు. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా. కానీ వాడికి సరిగ్గా జవాబు చెప్పాలంటే 1948కి వెళ్లాలి.

ముందు రూల్ చెప్పేస్తా, రెండు నిమిషాల్లో అయిపోతుంది. 1944 డిసెంబర్ 7న చికాగోలో ఒక అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఏ దేశం నేల మీద ఉన్న ఆకాశం ఆ దేశానిదే అన్నది అందులో మొదటి మాట. తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం ఎమర్జెన్సీ వస్తే ఆ దేశం తన ఆకాశాన్ని, మొత్తంగానో కొంతమేరకో, తాత్కాలికంగా మూసెయ్యొచ్చు. ముప్పై అయిదో ఆర్టికల్ ప్రకారం అనుమతి లేకుండా యుద్ధ సామగ్రి మోసుకుంటూ వేరే దేశం మీదుగా వెళ్లకూడదు. ఇది 1947 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి మన పక్కనే దానికి పరీక్ష మొదలైంది.

పక్కనే అని ఊరికే అనట్లేదు. అప్పట్లో తిరువూరు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. ఇక్కడి నుంచి కల్లూరు, సత్తుపల్లి వైపు కాస్త దూరం పోతే నిజాం రాజ్యం వచ్చేది. రజాకార్ల దాడులకు తట్టుకోలేక అటు నుంచి జనం బండ్లు కట్టుకుని, పిల్లల్ని ఎక్కించుకుని కృష్ణా జిల్లాలోకి వచ్చేశారు. మా వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ "మేం అటు నుంచి వచ్చినోళ్లం" అనే కుటుంబాలు తగులుతాయి.

1947 నవంబర్ 29న నిజాంకీ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టుగా సాగాలి. ఆర్నెల్లు కూడా సరిగ్గా సాగలేదు. భారత్ సరుకుల రాకపోకలు బిగించింది. హైదరాబాద్‌కు సముద్రం లేదు. నాలుగు వైపులా భారత భూభాగమే. నిజాం వాళ్లకు ఆయుధాలు కావాలి. రోడ్డు లేదు, రైలు లేదు. మిగిలింది పైన ఆకాశం ఒక్కటే.

అక్కడ వచ్చాడు సిడ్నీ కాటన్.

మనిషి మామూలోడు కాదండి. 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ పైలట్. పైన చలికి పైలట్లు గడ్డకట్టుకుపోతుంటే 1917లో ఒక కొత్త రకం సూట్ తయారుచేయించాడు. తన పేరే పెట్టి దాన్ని 'సిడ్‌కాట్' అన్నారు. ఇక 1939లో, రెండో యుద్ధానికి ముందు, వ్యాపారవేత్త వేషంలో లాక్‌హీడ్ విమానమేసుకుని జర్మనీ వెళ్లేవాడు. విమానం కడుపులో కెమెరాలు దాచి, పైనుంచి జర్మన్ల స్థావరాల ఫోటోలు తీసేవాడు. అంటే మూసేసిన ఆకాశంలోకి దూరడం ఆయనకి ముందునుంచీ అలవాటైన పనే. తర్వాత పై అధికారులతో పడలేదు, ఆ పని నుంచి 1940లో తప్పించారు.

అలాంటివాడు 1948లో లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. ఇవి లాంకాస్టర్ బాంబర్లను పౌర విమానాలుగా మార్చినవి. నాలుగు ఇంజిన్లు. కరాచీలో ఆయుధాలు నింపుకుని, రాత్రిపూట భారత భూభాగం మీదుగా దూసుకొచ్చి, బీదర్‌లోనూ వరంగల్‌లోనూ దించేవాళ్లు. కరాచీ నుంచి బీదర్‌కు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. వరంగల్ అయితే మన తిరువూరుకి ఆకాశమార్గాన సుమారు 140 కిలోమీటర్లు. ఇక్కడ శరణార్థులు అరుగుల మీద పడుకున్న రాత్రుల్లోనే అక్కడ పెట్టెలు దిగుతున్నాయి.

మరి మనవాళ్లు ఎందుకు ఆపలేదు? ఆపలేకపోయారు. చీకట్లో ఎగిరే విమానాన్ని వెతికి పట్టుకునే రాడార్ ఏర్పాటు గానీ, రాత్రి యుద్ధానికి పనికొచ్చే ఫైటర్లు గానీ అప్పటి మన వాయుసేనకు అక్కడ లేవు. ఆకాశం మూసి ఉంది, కానీ కాగితం మీద. నాకైతే ఈ కథలో అసలు పాయింట్ ఇదే అనిపిస్తుంది. కాటన్ ధైర్యాన్ని మెచ్చుకుంటూ చెప్పేవాళ్లున్నారు. నేను మెచ్చుకోను. పెట్టెలో ఉన్న తుపాకీ ఎవరి చేతికి పోతుందో పైలట్‌కి అనవసరం, ఊళ్లో ఉన్నవాడికి అవసరం.

చివరికి ఆ దారి మూతపడింది నేల మీదే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. ఒక దళం మన విజయవాడ వైపు నుంచే మునగాల, సూర్యాపేట మీదుగా వెళ్లింది. వాయుసేన విమానాలు వరంగల్, బీదర్ ఎయిర్‌ఫీల్డ్‌ల మీద దాడి చేశాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. అన్ని రాత్రులు తిప్పిన ఆయుధాలు అయిదు రోజులు కూడా నిలబెట్టలేకపోయాయి. ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద ఘోరాలు జరిగాయి, దాని మీద సుందర్‌లాల్ కమిటీ విచారణ చేసింది. అది వేరే ఎపిసోడ్, అయినా చెప్పకుండా దాటెయ్యకూడదు.

కాటన్‌కి శిక్ష ఎంత పడిందో తెలుసా? 1949లో బ్రిటన్‌లో 200 పౌన్ల జరిమానా. అంతే! తర్వాత హాయిగా ఆత్మకథ చెప్పుకుని 1969లో పోయాడు.

ఇది పాత ముచ్చటేలే అనుకోకండి. 1995 డిసెంబర్ 17 రాత్రి బెంగాల్‌లోని పురూలియాలో ఒక ప్రైవేట్ విమానం నుంచి ఇలాగే ఏకే-47లు కురిశాయి. విమానం దించేసి హాయిగా వెళ్లిపోయింది. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ మన ఆకాశంలోకి వస్తే అప్పుడు ముంబైలో దించారు.

అందుకని ఆ పెళ్లిలో తమ్ముడికి ఫోన్‌లో మ్యాప్ చూపించా. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ఆకాశాన్ని గ్రీన్, యెల్లో, రెడ్ అని విడగొట్టారు. అవసరమైతే పోలీసు అధికారులు కొద్దిరోజుల కోసం తాత్కాలిక రెడ్ జోన్ పెట్టొచ్చు. కానీ పెట్టినప్పుడు ఆ మ్యాప్‌లో కనిపించాలి, అది కూడా రూలే. కాబట్టి "వద్దన్నారు" అంటే మ్యాప్ తెరిచి చూడండి, లేకపోతే మర్యాదగా అడగండి. వీఐపీ కారు పోవడానికి ఊరి ఆకాశమంతా మూయాలా అని అడిగే హక్కు కూడా మనకుంది.

అన్నట్టు, వరంగల్‌లో ఆ విమానాలు దిగిన మామునూరు ఎయిర్‌ఫీల్డ్ ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. అక్కడ మళ్లీ విమానాశ్రయం కట్టడానికి 2025లో కేంద్రం ఓకే చెప్పింది. పట్టపగలు, టికెట్ కొనుక్కుని దిగొచ్చు.