నూటపదునైదు హెక్టారుల వేట

తాడేపల్లిగూడెమున ఉల్లిపాయల టోకువ్యాపారము చేయు మా మేనల్లుడు, కైకలూరు ప్రాంతమున చేపలచెరువులు కౌలుకిచ్చి కూడబెట్టిన ధనమును ఎచ్చట నిలుపుదునాయని ఆలోచించుచు నాకొక జాబు వ్రాసినాడు. "మావయ్యా, మీ దేశంలో కొండమీది గడ్డిబీళ్ళు అడవితో సహా అమ్మకానికి వస్తాయటగదా. కొంటే అందులో తిరిగే దుప్పులు కూడా మనవే అవుతాయా?" అని యతని ప్రశ్న. అవుననుటకును కాదనుటకును ముందు, నేను కాపురమున్న ఆస్ట్రియాదేశపు చరిత్ర కొంత విప్పి చెప్పక తీరదు.

1848వ సంవత్సరము వఱకు ఈ దేశమున పొలము దున్నువాడు రైతేయైనను ఆ పొలమున మేయు దుప్పి ప్రభువుది. రాత్రివేళ చేనుపై బడి పైరంతయు మేసిపోవుచున్నను దానిని అదలించి తోలవలసినదే గాని, తుపాకి యెత్తినవాడు దొంగవేటగాడై శిక్షకు గురియగుచుండెను. అంతియగాక ప్రభువు వేటకు వెడలినపుడు మృగములను ఎదురు తోలుటకు వెట్టికి పోవలెను. ఆ యేట వియన్నాలో విప్లవము చెలరేగి ప్రతినిధుల సభ కూడినపుడు, సైలీషియాకు చెందిన వెట్టిరైతు కుమారుడు, ఇరువదినాలుగేండ్ల హాన్స్ కుడ్లిఖ్, రైతుల దాస్యము నంతటిని తొలగింపవలెనని జూలై 24వ తేదీన తీర్మానము ప్రతిపాదించెను. సెప్టెంబరు 7వ తేదీకి అది చట్టమయ్యెను. విప్లవము అణగిపోయినది గాని వెట్టి మరల రాలేదు. మరణశిక్షకు పాత్రుడైన కుడ్లిఖ్ మాత్రము అమెరికాకు వలసపోయి, వైద్యవృత్తి చేసికొనుచు 1917లో హోబోకెన్ పట్టణమున కన్నుమూసెను. ప్రవాసులకు ప్రవాసుల కథలపై మమకారము మెండు గనుక ఈ మాట కలిపితిని.

మన మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చినదను మాట జ్ఞప్తికి దెచ్చుకొన్నచో, రెంటికిని నడుమ సరిగా నూరేండ్ల యంతరము. అయితే జమీందారీ పోయిన పిదప మన రైతు పట్టా నడిగెనే గాని దుప్పి నడుగలేదు. వీరు రెండును అడిగిరి. 1849 మార్చి 7వ తేదీనాటి రాజశాసనము పరుల నేలపై వేటాడు ప్రభువుల హక్కును కొట్టివేసి, వేట నేలకే చెందునని నిర్ణయించెను. కాని పిడికెడు నేలగల ప్రతివాడును తుపాకి పట్టినచో అడవిలో మృగము మిగులదను భయముచేత, ఒకే చెక్కగా 200 యోఖ్‌లు, అనగా నేటి లెక్కకు 115 హెక్టారులు గలవానికే స్వయముగ వేటాడు హక్కునిచ్చి, తక్కినవారి నేలలన్నిటిని ఊరుమ్మడిగా జేర్చి కౌలున కిప్పించెను. ఆ 115 అంకె పెక్కు రాష్ట్రములలో నేటికిని చెక్కుచెదరలేదు. మన యెకరములలో అది 284. మన 1973 నాటి భూపరిమితి చట్టము ఐదుగురి కుటుంబమునకు ఎంతటి నిస్సారపు మెట్టనైనను 54 ఎకరములకు మించనీయలేదు గదా!

ఈ కొలతయే రైతు కొంపముంచినది. దాస్యవిమోచనమునకు ప్రతిఫలముగ ప్రభువునకు వాయిదాలమీద చెల్లింపవలసిన సొమ్ము ఒకవంక, రైలుబండిమీద దిగివచ్చు చవుకధాన్యము ఒకవంక పీడింపగా, కొండరైతులు అప్పులపాలై పొలములను తెగనమ్ముకొనిరి. కొన్నవారు ఫ్యాక్టరీ యజమానులు, పాతప్రభువుల వారసులు. ఒకదాని ప్రక్క నొకటిగా కమతములను గొని, ఇండ్లు కూలనిచ్చి, చేలలో చెట్లు నాటించి, 115 హెక్టారుల చెక్కలు కూర్చి దుప్పులను పెంచుకొనిరి. స్టైరియా కొండలలో రైతుయింట బుట్టిన పేటర్ రోసెగ్గర్ 1888లో ప్రకటించిన నవలలోని యాకోబు ఊరంతయు అమ్ముడుపోయినను తన నేల నమ్మనని మొండికెత్తిన కడపటి రైతు. ప్రభుత్వమునకు మెలకువ వచ్చునప్పటికి యుద్ధము వచ్చినది: వ్యవసాయభూముల విక్రయమునకు అనుమతి తప్పనిసరియని 1915లో ఒక శాసనమును, వేటకై మ్రింగబడిన కమతములను తిరిగి రైతులపరము చేయుటకు 1919లో మరియొక చట్టమును పుట్టినవి.

కావున మా మేనల్లుడు ధనము మూటగట్టుకొని వచ్చినంతమాత్రమున పని జరుగదు. ఇచ్చట భూవిక్రయచట్టము రాష్ట్రమునకొకటి. సాగుచేయువాడవా యని యొకరు, ఐరోపా సమాఖ్య పౌరుడవు కావుగదా యని యొకరు అడ్డుపడుదురు. ఉమ్మడిబీడులో వాటా కొందమన్నచో, పెక్కుచోట్ల దానిని ఎకరములలో గాక, వేసవిలో ఎన్ని ఆవులను మేపుకొనవచ్చునను లెక్కన కొలుతురు.

అడవి సంగతి వేరు. 1975 నాటి అటవీచట్టము, అడవి యెవరిదైనను విహారమునకై కాలినడకను తిరుగు స్వేచ్ఛను ఎల్లరకు నిచ్చినది. ఆ చలువవలననే ముర్‌నదిలోయ పైకొండలలో ఒక స్ప్రూస్‌చెట్టును దగ్గరనుండి చూచితిని. మనిషి నడుమెత్తున బెరడు నిలువునా ఒలిచివేయబడి, పండ్లగాట్ల వెంట కారిన బంక పసుపుపచ్చగా గట్టిపడియున్నది. అది చలికాలమున ఆకలిగొన్న దుప్పుల పని. ఆ గాయమునుండి బూజు లోనికి దిగిన చెట్టు కలపకు పనికిరాదు. అందుచేతనే ఏటేట ఎన్ని దుప్పులను చంపవలెనో అధికారులు నిర్ణయింతురు. మించి చంపినను తప్పే, చంపక విడిచినను జవాబు చెప్పుకొనవలసినదే. కూలిన ఇండ్లపై దుప్పులను పెంచినవారి మనుమలు నేడు ఆ దుప్పులను తగ్గింపుడని తాఖీదు లందుకొనుచున్నారు.

మన కొల్లేటి పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి చట్టమునకు 1991లో వచ్చిన సవరణతో వేట దాదాపు మొత్తముగ నిషిద్ధమైనది. 1999లో కొల్లేటి సరస్సున అయిదవ కాంటూరు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తు, లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనవి. 2006లో అందలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. జిరాయితీ పట్టా చేతబట్టుకొన్న లంకగ్రామపు రైతునకు నేల తనదే, దానిపై వ్రాలు గూడబాతు తనది కాదు, చెరువు త్రవ్వుకొను స్వేచ్ఛయు లేదు. కొల్లేటి ఆటపాకకు పక్షులు తిరిగి వచ్చుటకు అంతటి కాఠిన్యము అవసరమే యని నేను నమ్ముదును. కాని పక్షినుండి ఆ రైతునకు ఒక కాసైన దక్కు మార్గమును మనవారు వెదకకపోవుట నాకు రుచింపదు. ఇచ్చటి ఊరుమ్మడి వేటలో అయిదెకరముల రైతుకుగూడ కౌలుసొమ్ములో వంతు ముట్టుచున్నది.

"భూమి జోలికి పోకు, అల్లుడూ. వేట ముచ్చటే అయితే, అనుమతిచీటీ తీసుకుని, వేటహక్కు గలవాడికి రుసుము కట్టి, కాపరి వెంట మంచె యెక్కి ఒక దుప్పిని కొట్టుకోవచ్చు. కొమ్ములు నీవి. మాంసం మాత్రం వాళ్ళది, కావాలంటే తూచి, వెల కట్టి ఇస్తారు" అని యతనికి బదులు వ్రాసితిని. కిలో యెంతయని తిరుగుటపాలో అడిగినాడు.