గిరణ్‌గావ్ పొగగొట్టాలు

బొంబాయిని ఎరిగిన పాతతరం వారితో మాట కలిపితే ఒక నిట్టూర్పు తప్పకుండా వినబడుతుంది. వారు తలుచుకునేది మెరైన్ డ్రైవ్‌ను కాదు. పరేల్, లాల్‌బాగ్, వర్లీల నడుమ పొగగొట్టాల కింద బ్రతికిన గిరణ్‌గావ్‌ను. మరాఠీలో గిరణీ అంటే మిల్లు. గిరణ్‌గావ్ మిల్లుల ఊరు.

లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. పొగగొట్టాన్ని మాత్రం అలంకారంగా మిగిల్చారు. దానికింద నిలబడి ఫొటోలు దిగేవారిని చూసినప్పుడు, ఈ బెంగ అసలు ఎవరిదన్న సందేహం కలిగింది నాకు.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ మొదలుపెట్టిన నూలుమిల్లుతో ఈ కథ ఆరంభం. కొంకణం నుంచీ, దక్కను నుంచీ జనం వచ్చారు. మనవారూ వెళ్ళారు. కామాఠీపురా అన్న పేరే నిజాం రాజ్యం నుంచి వలసవెళ్ళిన తెలుగు కూలీలు కామాఠీల వల్ల వచ్చింది (ఆ పేట తర్వాత మరొకందుకు పేరుమోసింది, అది వేరే కథ). కరీంనగర్ వైపు పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లుల్లో చేరారు.

పోగు తెగకుండా ఉండాలని మిల్లులోపల గాలిని తేమగా ఉంచేవారు. ఆ ఉక్కలో పత్తిధూళి పీల్చి ఎందరో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. మరమగ్గాల హోరులో చెవులు పోగొట్టుకున్నారు. చాల్‌లోని ఒక్క గదిని పదిమందికి పైగా పంచుకుని, షిఫ్టుల వంతున నిద్రపోయేవారు. పగటివాడు లేచిన చాపమీదే రాత్రివాడు పడుకోవడం! దీన్ని బంగారుకాలం అనడానికి నాకు నోరు రాదు.

అయినా ఆ బెంగను పూర్తిగా కొట్టిపారేయలేను. ఇల్లు వదిలి వచ్చిన కార్మికులకు ఖానావళుల్లో అన్నం వండిపెట్టిన స్త్రీలు 1975లో అన్నపూర్ణా మహిళా మండలిగా ఏర్పడ్డారు. మిల్లు కార్మికుల మధ్య పెరిగిన నారాయణ్ సుర్వే మరాఠీ కవిత్వాన్నే మలుపు తిప్పాడు. అన్నిటికీ మించి, మహానగరం నడిబొడ్డున, పనికి నడిచి వెళ్ళేంత దూరంలో పేదవాడికి చోటుండేది. మురికి పోయినందుకు ఎవరు ఏడుస్తారు? పోయింది ఆ చోటు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. దాన్ని విరమించినట్టు అధికారికంగా ఎన్నడూ ప్రకటించలేదంటారు. మిల్లులు మూతపడ్డాయి, భూమి మిగిలింది: దాదాపు 600 ఎకరాలు. 1991 నిబంధనల ప్రకారం దానిలో మూడోవంతు ప్రజలకు ఖాళీస్థలంగా, మరో మూడోవంతు సామాన్యుల ఇళ్ళకు దక్కాలి. 2001లో ఒక చిన్న సవరణ వచ్చింది: పంపకం కట్టడాలు లేని ఖాళీజాగాకే వర్తిస్తుందట! భూమిలో ఎక్కువభాగం కట్టడాల కిందే ఉండె. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

ఇళ్ళకోసం దరఖాస్తు పెట్టుకున్న పాత కార్మికుల్లో చాలామందికి ప్రభుత్వం చూపించిన చోట్లు కర్జత్ రైలుమార్గంలోని శేలూ, వాంగణీ. 2025 జులైలో కార్మికులూ వారి వారసులూ వానలో ఆజాద్ మైదానానికి వచ్చారు. ముంబయిలోనే ఇల్లు కావాలన్నారు.