బీడీఎస్ తర్వాత ఏం చదవాలి? స్పెషలిస్టు కావాలనుకునే డెంటిస్టులకు దారులు ఇవే

ఇంట్లో అమ్మాయో అబ్బాయో బీడీఎస్ చివరి ఏడాదికి రాగానే చర్చ మొదలవుతుంది. క్లినిక్ పెట్టించాలా, గల్ఫ్ పంపాలా, పెళ్లి చేసేయాలా, లేక ఇంకో మూడేళ్లు చదివించాలా? నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక చేతిలో డిగ్రీ ఉంటుంది, కానీ వీధికో డెంటల్ క్లినిక్ ఉన్న హైదరాబాద్ లాంటి ఊళ్లో ఆ డిగ్రీ ఒక్కటే సరిపోవడం లేదన్న మాట చాలామంది చెబుతారు. అలాగని తొందరపడి ఏదో ఒక సీటు కొంటే మూడేళ్ల కాలం, ఇంటి పొదుపు రెండూ పోతాయి. అందుకే పరీక్ష రాయకముందే కుటుంబమంతా తెలుసుకోవాల్సిన విషయాలను ఇక్కడ ఇస్తున్నాం.

స్పెషలిస్టు అంటే ఎవరు?

మన దేశంలో దంతవైద్యంలో స్పెషలిస్టు అనిపించుకోవాలంటే ఎండీఎస్ చేయాలి. ఇది మూడేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు. మొదటి ఏడాది చివర బేసిక్ సైన్సెస్‌లో పార్ట్-1 పరీక్ష, మూడో ఏడాది చివర పార్ట్-2 పరీక్ష ఉంటాయి. మధ్యలో థీసిస్ రాయాలి. డెంటల్ కౌన్సిల్ నిబంధనల్లో రెండేళ్ల పీజీ డిప్లొమా కూడా ఉంది, కానీ దాని సీట్లు చాలా తక్కువ.

వారాంతపు ఇంప్లాంట్ కోర్సులు, ఆరు నెలల ఫెలోషిప్‌లు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పని నేర్చుకోవడానికి పనికొస్తాయేమో గానీ, అవి ఎండీఎస్‌కు సమానం కావు. వాటితో బోర్డు మీద స్పెషలిస్టు అని రాసుకోకూడదు, డెంటల్ కాలేజీలో లెక్చరర్ పోస్టూ రాదు. లక్షలు కట్టేముందు ‘ఈ సర్టిఫికెట్‌ను డెంటల్ కౌన్సిల్ గుర్తిస్తుందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. చాలా విషయాలు అక్కడే తేలిపోతాయి.

తొమ్మిది బ్రాంచీలు

ఎండీఎస్‌లో తొమ్మిది విభాగాలు ఉన్నాయి.

1. ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ: దవడ ఎముకలు విరిగినా, జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కున్నా, నోట్లో గడ్డలు వచ్చినా వీళ్ల పనే. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కుళ్లిన దవడ ఎముకలు తీసిన బృందాల్లో వీళ్లు ఉన్నారు. పెద్ద ఆస్పత్రుల్లో అవకాశాలు ఉంటాయి. రాత్రి డ్యూటీలు, ఎమర్జెన్సీలు తప్పవు.

2. ఆర్థోడాంటిక్స్: వంకర పళ్లకు క్లిప్పులు, అలైనర్లు వేసి సరిచేయడం. ఒక్కో కేసు ఏడాది, రెండేళ్లు నడుస్తుంది. సీట్లకు గిరాకీ ఎక్కువ.

3. కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్: రూట్ కెనాల్, ఫిల్లింగ్. ఏ క్లినిక్‌లోనైనా రోజూ ఉండే పని ఇదే కాబట్టి దీనికీ పోటీ ఎక్కువే.

4. ప్రోస్థోడాంటిక్స్: కట్టుడు పళ్లు, క్యాపులు, బ్రిడ్జిలు, ఇంప్లాంట్లు.

5. పీరియోడాంటిక్స్: చిగుళ్ల జబ్బులు, చిగుళ్ల సర్జరీ. ఇంప్లాంట్లు వీళ్లు కూడా వేస్తారు.

6. పీడియాట్రిక్ డెంటిస్ట్రీ: పిల్లల పళ్లు. ఓపిక ఉన్నవాళ్లకు మంచి ప్రాక్టీస్.

7. ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ: నోటి పుండ్లు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు గుర్తించడం, ఎక్స్‌రే, స్కాన్‌లు చదవడం.

8. ఓరల్ పాథాలజీ: మైక్రోస్కోప్ కింద కణజాలం చూసి జబ్బు తేల్చడం. ఎక్కువగా కాలేజీ, ల్యాబ్ ఉద్యోగాలు.

9. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ: క్యాంపులు, సర్వేలు, ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాలు, పరిశోధన.

మొదటి ఆరింటిలో చేతిపని ఎక్కువ, సొంత ప్రాక్టీస్‌కు వీలుంటుంది. అందుకే ప్రైవేటు కాలేజీల్లో వీటి ఫీజులూ ఎక్కువే. చివరి మూడింటిలో సీటు తేలికగా, తక్కువ ఫీజుకు దొరుకుతుంది. కానీ ఆ చదువు ఎక్కువగా బోధన, ల్యాబ్, పరిశోధన వైపు తీసుకెళ్తుంది. టీచింగ్ ఇష్టమున్నవాళ్లకు అది మంచి దారే. ‘ఏదో ఒక ఎండీఎస్ అయితే చాలు’ అని చేరి, తర్వాత మళ్లీ పాత బీడీఎస్ క్లినిక్ పనే చేసుకునేవాళ్లు మాత్రం మూడేళ్లు నష్టపోయినట్టే. బ్రాంచి ముందు తేల్చుకోండి, కాలేజీ తర్వాత.

నీట్ ఎండీఎస్ ఎలా ఉంటుంది?

ప్రభుత్వ, ప్రైవేటు, డీమ్డ్ అన్నింటికీ ఒకే పరీక్ష నీట్ ఎండీఎస్. మేనేజ్‌మెంట్ సీటు కొనాలన్నా ఇందులో అర్హత రావాల్సిందే. నేషనల్ బోర్డు నిర్వహించే ఈ పరీక్షలో 240 ప్రశ్నలు, 3 గంటల సమయం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత, మొత్తం 960 మార్కులు. పార్ట్-ఎలో 100 ప్రశ్నలు, పార్ట్-బిలో 140.

అర్హతకు జనరల్, ఈడబ్ల్యూఎస్ వారికి 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వారికి 40వ పర్సంటైల్ కావాలి. సీట్లు మిగిలిపోయిన కొన్ని సంవత్సరాల్లో కేంద్రం ఈ కటాఫ్‌ను మధ్యలో తగ్గించింది. కాబట్టి కొద్దిలో పోయినవాళ్లు పుస్తకాలు మూసేసినా, కౌన్సెలింగ్ నోటీసులు మాత్రం చూస్తూ ఉండాలి.

ఇంటర్న్‌షిప్ ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు పూర్తి కావాలి. సప్లిమెంటరీ వల్ల ఇంటర్న్‌షిప్ ఆలస్యమైనవాళ్లు ఈ తేదీని ముందే లెక్క వేసుకోవాలి.

ఎయిమ్స్ ఢిల్లీ, చండీగఢ్ పీజీఐ లాంటి సంస్థలకు వేరే పరీక్ష ఉంది. దాని పేరు ఐఎన్ఐ-సెట్. ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై సెషన్ల కోసం ఎయిమ్స్ నిర్వహిస్తుంది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కానీ ఫీజు నామమాత్రం, పైగా నెలనెలా జీతం వస్తుంది. అప్పు, వడ్డీ వద్దనుకునే కుటుంబాల్లో బాగా చదివే పిల్లలుంటే ఈ పరీక్ష తప్పక రాయించాలి.

సీట్లు ఎవరు ఇస్తారు?

ప్రభుత్వ కాలేజీల్లోని పీజీ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటా. వీటికి ఢిల్లీలోని ఎంసీసీ ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ చేస్తుంది. డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు కూడా దాని చేతిలోనే. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలోని జియావుద్దీన్ అహ్మద్ డెంటల్ కాలేజీకి కూడా ఎంసీసీ వెబ్‌సైట్‌నే చూడాలి. అక్కడ సొంత విద్యార్థులకు కొన్ని సీట్లు విడిగా ఉంటాయి, మిగతావి అందరికీ.

మిగతా సగం ప్రభుత్వ సీట్లు, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా రాష్ట్రం చేతిలో ఉంటాయి. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వీటికి విడిగా దరఖాస్తులు పిలుస్తాయి. నీట్ రాసినంత మాత్రాన పేరు అక్కడికి దానంతట అది వెళ్లదు. ఎంసీసీలో ఒకసారి, రాష్ట్రంలో ఒకసారి రిజిస్టర్ కావాలి. స్థానికత నిబంధనలు కోర్టు తీర్పులను బట్టి మారుతున్నాయి, కాబట్టి సీనియర్ చెప్పింది కాదు, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉన్నదే లెక్క.

ఎంసీసీలో మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండు నుంచి వదిలేస్తే డిపాజిట్ పోతుంది. ఆ తర్వాతి రౌండ్లలో చేరితే సీటు వదలడానికి వీలుండదు. రాష్ట్ర కోటాలో మధ్యలో మానేస్తే బాండ్ డబ్బు కట్టాలి. ఇష్టం లేని బ్రాంచిని ఆప్షన్లలో ‘ఊరికే’ పెట్టకండి.

మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: సర్టిఫికెట్

రెండు రాష్ట్రాల్లోనూ ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం కింద బీసీ-ఇలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల కింద ఇది కొనసాగుతోంది. ఇది రాష్ట్ర కోటా సీట్లకు పనిచేస్తుంది. ఆల్ ఇండియా కోటాలో మాత్రం కేంద్రం ఓబీసీ జాబితానే చూస్తారు, అక్కడ 27 శాతం ఓబీసీ కోటా ఉన్నా సరే.

దూదేకుల, నూర్‌బాషా వర్గం రాష్ట్రంలో బీసీ-బి, కేంద్ర జాబితాలో కూడా ఉంది. కాబట్టి వాళ్లు రెండుచోట్లా రిజర్వేషన్ వాడుకోవచ్చు. కేంద్రానికి మాత్రం క్రీమీలేయర్ కాదని కేంద్ర ఫార్మాట్‌లో సర్టిఫికెట్ తీసుకోవాలి. బీసీ-ఇ వారు తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా ఎంసీసీ ఫారంలో ఓబీసీ అని టిక్ పెడితే, సీటు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో అది రద్దవుతుంది. ఆ ఏడాది అంతటితో పోతుంది.

సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బీసీ-ఇలో లేవు. వీరు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి పరిమితులు దాటకపోతే ఈడబ్ల్యూఎస్ 10 శాతానికి అర్హులు. 5 ఎకరాల పొలం, 1000 చదరపు అడుగుల ఫ్లాట్ లాంటి పరిమితులు కేంద్ర నిబంధనల్లో ఉన్నాయి. కేంద్ర ఓబీసీ జాబితాలో లేని బీసీ-ఇ వారు కూడా ఆల్ ఇండియా కోటాకు ఈడబ్ల్యూఎస్ అడగవచ్చు, ఎందుకంటే కేంద్రం దగ్గర వాళ్లకు వేరే రిజర్వేషన్ లేదు. తహసీల్దార్ ఆఫీసులో ‘మీకు బీసీ-ఇ ఉందిగా’ అని తిప్పి పంపితే, కేంద్ర ప్రభుత్వ సంస్థల ప్రవేశానికి అని స్పష్టంగా రాసి దరఖాస్తు ఇవ్వండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏటా కొత్తది కావాలి. ఈ పని ఫలితాలు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

డబ్బు సంగతి

ప్రభుత్వ సీటుకు, మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజులో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ప్రైవేటు కాలేజీల ఫీజు కోటాను బట్టి, బ్రాంచిని బట్టి మారుతుంది. యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో ఇచ్చిన ఫీజు పట్టికనే నమ్మండి. దానికి హాస్టల్, పరికరాలు, థీసిస్ ఖర్చు కలపండి. స్టైపెండ్ ఎంత ఇస్తారు, నిజంగా చేతికి ఇస్తారా అని అక్కడ చదువుతున్న పీజీలను అడగండి. ఓపీకి రోజూ ఎంతమంది పేషెంట్లు వస్తారో కూడా అడగండి. పేషెంట్లు లేని కాలేజీలో చేతిపని రాదు.

మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్, విదేశీ చదువు అప్పు మీద వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకం రెండూ 2022లో ఆగిపోయాయి. ఇప్పటికీ వాటి పేరు చెప్పి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. జాతీయ మైనారిటీ ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీ విద్యారుణం ఇస్తుంది, రాష్ట్ర మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్‌లో విచారించవచ్చు. తెలంగాణలో విదేశాల్లో పీజీ చేసే మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, ఏ కోర్సులు, ఏ దేశాలు వర్తిస్తాయో మైనారిటీ సంక్షేమ శాఖలో ముందే కనుక్కోవాలి.

విదేశాలకు వెళ్లాలంటే

అమెరికాలో మన బీడీఎస్‌తో నేరుగా ప్రాక్టీస్ చేయలేం. ఐఎన్‌బీడీఈ పరీక్ష రాసి, అక్కడి డెంటల్ స్కూల్లో రెండు, మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చేయడం ఎక్కువమంది వెళ్లే దారి. ఖర్చు చాలా ఎక్కువ. బ్రిటన్‌లో ఓఆర్ఈ పరీక్ష పాసై జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఎంఎఫ్‌డీఎస్ అనే పరీక్షకు మంచి పేరుంది కానీ, అది ఒక్కటే అక్కడ లైసెన్సు ఇవ్వదు. ఆస్ట్రేలియాలో ఏడీసీ, కెనడాలో ఎన్‌డీఈబీ పరీక్షలు ఉన్నాయి.

గల్ఫ్‌లో డేటాఫ్లో ద్వారా సర్టిఫికెట్ల తనిఖీ, ఆ దేశ లైసెన్సు పరీక్ష రెండూ కావాలి. బీడీఎస్‌తో వెళ్తే జనరల్ డెంటిస్టు, ఎండీఎస్‌తో పాటు కావాల్సిన అనుభవం ఉంటే స్పెషలిస్టు. అక్కడ జీతంలో తేడా వచ్చేది ఈ హోదాతోనే. అందుకే ఇంటర్న్‌షిప్ అయిన మర్నాటి నుంచి పనిచేసిన ప్రతి చోటా అనుభవ పత్రం తీసుకుని దాచుకోండి. విదేశంలో పీజీ చేసి తిరిగి రావాలనుకునేవాళ్లు ఆ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

ఎండీఎస్ కాకపోతే?

పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్ చేయవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బీడీఎస్ వారికి అవకాశం ఉంది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, క్లినికల్ రీసెర్చ్ కూడా దారులే. సైన్యంలోని ఆర్మీ డెంటల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ ఆఫీసర్ల ఎంపికకు నీట్ ఎండీఎస్ స్కోరునే చూస్తారు, కాబట్టి పరీక్ష రాసిన శ్రమ వృథా కాదు.

ఇప్పుడు బీడీఎస్ మొదటి, రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకు ఒక మాట. 2023లో వచ్చిన నేషనల్ డెంటల్ కమిషన్ చట్టంలో నెక్స్ట్ అనే ఉమ్మడి ఫైనల్ పరీక్ష ఉంది. అది అమల్లోకి వస్తే లైసెన్సుకూ పీజీ సీటుకూ అదే ఆధారం అవుతుంది. కాబట్టి చివరి ఏడాదిలో చూసుకుందాం అనుకోకుండా ఇప్పటి నుంచే ప్రతి సబ్జెక్టూ గట్టిగా చదవాలి.

అమ్మాయిల తల్లిదండ్రులకు

బీడీఎస్‌లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. ‘ముందు పెళ్లి, తర్వాత పీజీ’ అని ఆగిన చదువు మళ్లీ మొదలవడం కష్టమని అందరికీ తెలిసిందే. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే మూడేళ్ల చదువు, రోజంతా కాలేజీ, థీసిస్ సంగతి అవతలి ఇంటివాళ్లకు దాచకుండా చెప్పండి. పిల్లల దంతవైద్యం, ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్‌లో టైమ్ మన చేతిలో ఉంటుంది, సర్జరీలో అంతగా ఉండదు. అయినా అమ్మాయికి సర్జరీ మీదే మనసుంటే ఆపకండి. లేడీ డాక్టర్ ఉంటే తప్ప నోరు తెరవని ఆడవాళ్లు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు.

ఈ నెలలోనే చేయాల్సినవి

- రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఇంటర్న్‌షిప్ పూర్తయ్యే తేదీ సరిచూసుకోండి.
- ఆధార్, పదో తరగతి మెమో, కుల సర్టిఫికెట్లలో పేరు ఒకేలా ఉందా చూడండి. ‘మొహమ్మద్’ ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.
- బీసీ-ఇ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌లో మీకు ఏది ఎక్కడ పనిచేస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి.
- ఇష్టమైన మూడు బ్రాంచీలు రాసి, ఒక్కో బ్రాంచిలో పనిచేస్తున్న డాక్టర్ దగ్గర ఒక పూట కూర్చుని చూడండి.
- ఇంట్లో ఎంత వరకు ఖర్చు పెట్టగలరో అబ్బా, అమ్మీతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. కౌన్సెలింగ్ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చే విషయం కాదిది.