నెట్‌వర్క్ కెమెరా వైర్‌లెస్ భద్రత

నెట్‌వర్క్ కెమెరా అనగా తాను తీసిన దృశ్యాలను నెట్‌వర్క్ ద్వారా నేరుగా పంపగల కెమెరా. దీనినే ఐపీ కెమెరా అని కూడా అంటారు. స్వీడన్‌కు చెందిన యాక్సిస్ కమ్యూనికేషన్స్ సంస్థ 1996లో విడుదల చేసిన నెట్‌ఐ 200 ఈ తరహా కెమెరాలలో మొదటిది. వైర్‌లెస్ కెమెరా పంపే దృశ్యం రేడియో తరంగాలుగా ఇంటి గోడలు దాటి వీధిలోకి కూడా ప్రసరిస్తుంది. తగిన భద్రత లేనిచో ఇంటిని కాపాడవలసిన కెమెరాయే ఇంటిలోని సంగతులను బయటివారికి చూపగలదు.

ఎన్‌క్రిప్షన్ పద్ధతులు

కెమెరాకు, రౌటరుకు మధ్య నడిచే సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. వైర్‌లెస్ నెట్‌వర్కులకు 1997లో వచ్చిన మొదటి పద్ధతి డబ్ల్యుఈపీ. ఇందులో ప్రతి ప్యాకెట్టుకు తాళపు సంకేతంతో పాటు 24 బిట్ల సంఖ్య ఒకటి చేరుతుంది. సమాచారం ఎక్కువగా నడిచే కొద్దీ ఈ సంఖ్యలు త్వరగా పునరావృతమవుతాయి. దీనిలోని లోపాల వలన తాళాన్నే కనుగొనవచ్చునని ఫ్లూరర్, మాంటిన్, షమీర్ 2001లో నిరూపించారు. కెమెరా ఎడతెగకుండా ప్యాకెట్లు పంపుతుంది గనుక దొంగకు కావలసిన సమాచారం మరింత త్వరగా దొరుకుతుంది. తరువాత 2003లో డబ్ల్యుపీఏ, 2004లో డబ్ల్యుపీఏ2, 2018లో డబ్ల్యుపీఏ3 వచ్చాయి.

పాత కెమెరాలు కొన్నింటికి డబ్ల్యుఈపీ తప్ప మరొకటి తెలియదు. ఒక్క కెమెరా కోసం ఇంటి నెట్‌వర్కునంతా ఆ స్థాయికి దించడం కంటే దానిని తీగతో కలపడమే మేలు.

అమరిక

తీగ సౌకర్యమున్న కెమెరాను మొదట తీగతోనే రౌటరుకు కలపాలి. బ్రౌజరులో కెమెరా పుటను తెరచి నెట్‌వర్క్ పేరు, ఎన్‌క్రిప్షన్ రకం, తాళపు సంకేతం నింపాలి. ఇవి రౌటరులో ఉన్నవాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. ఆంగ్లంలోని పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కకు వస్తుంది. డబ్ల్యుపీఏ2 సంకేతంలో 8 నుండి 63 వరకు అక్షరాలు ఉండవచ్చును. అమరికను భద్రపరచిన తరువాతనే తీగ తొలగించాలి. రౌటరును డబ్ల్యుపీఏ3కు మాత్రమే పరిమితం చేసినచో పాత కెమెరాలు కలవవు; అప్పుడు డబ్ల్యుపీఏ2, డబ్ల్యుపీఏ3 రెండింటినీ అనుమతించే అమరికను ఎంచుకోవాలి.

కెమెరా సంకేతపదం

వైర్‌లెస్ తాళం కాపాడేది కెమెరా నుండి రౌటరు వరకే. ఇంటర్నెట్ వైపు నుండి వచ్చేవారిని అది ఆపలేదు. దీనిని చాలామంది గమనించరు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము కర్మాగారంలో పెట్టిన సుమారు 60 వాడుకరి పేర్లు, సంకేతపదాలను వరుసగా ప్రయత్నించి అసంఖ్యాకమైన కెమెరాలను, వీడియో రికార్డర్లను వశపరచుకున్నది. అదే సంవత్సరం అక్టోబరు 21న ఇటువంటి పరికరాలతో డిన్ అనే సంస్థపై జరిగిన దాడి వలన ట్విట్టర్ వంటి సైట్లు కొన్ని గంటలు చాలామందికి అందలేదు.

కావున కెమెరాతో వచ్చిన సంకేతపదాన్ని మొదటి రోజే మార్చాలి. మిరాయ్ బారిన పడిన పరికరాలు కొన్నింటిలో సంకేతపదం ఫర్మ్‌వేరులోనే స్థిరంగా ఉండడం వలన యజమాని దానిని మార్చలేకపోయాడు. అటువంటి కెమెరా ఉన్నచోట రౌటరులో యూపీఎన్‌పీని, పోర్ట్ ఫార్వర్డింగును నిలిపివేసి, బయటి నుండి దానిని ఎవరూ చేరకుండా చేయవలెను.