కోనసీమ పల్లెల్లో బైబిలు: ఎవరు చదివారు, మనం ఎలా చదవాలి

కోనసీమ అనగానే చరిత్ర పుస్తకాలు వేదపండితుల్ని, అగ్రహారాల్ని తలుచుకుంటాయి. గౌతమి, వశిష్ఠల నడుమ ఈ నేలలో వేదం తరతరాలుగా నోటి నుంచి చెవికి అందింది. ఆ చెవి ఎవరిదై ఉండాలో ధర్మశాస్త్రాలు ముందే నిర్ణయించి పెట్టాయి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమూ లక్కా కరిగించి పోయమంది గౌతమ ధర్మసూత్రం. శూద్రుడికే అది శిక్షయితే ఊరవతల పల్లెల్లో, పేటల్లో బతికే మాల మాదిగల సంగతి చెప్పేదేముంది? అలాంటి చోట ‘పరిశుద్ధ గ్రంథం’ అనేదొకటి పాలేరు చేతికి రావడం మన సాంఘిక చరిత్రలో చిన్న సంగతి కాదు. అయితే దీన్ని మతమార్పిడి లెక్కల కిందే రాస్తూ వచ్చారు. మనవాళ్ళు ఆ పుస్తకాన్ని ఎలా చదివారన్నది ఎవరికీ పట్టలేదు. కొత్తగా బైబిలు విప్పే విద్యార్థికీ కార్యకర్తకీ ఈ ప్రశ్నే మొదటి పాఠం కావాలి.

చెప్పులు కుట్టిన చేతులు

తెలుగులో బైబిలు అనువాదం 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్‌తో మొదలైనా అది అచ్చుకి నోచుకోలేదు. విశాఖపట్నంలోని లండన్ మిషన్ వాళ్ళు బ్రాహ్మణ క్రైస్తవుడు ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో కొత్త నిబంధన, 1854లో మొత్తం బైబిలు వెలువడ్డాయి.

శ్రీరాంపూర్ అచ్చుకూటం వెనకున్న విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడు. 1836లో గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి మన తీరానికి వచ్చిన ఇద్దరిలో విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా వీళ్ళు మొదలుపెట్టిందే గోదావరి డెల్టా మిషన్. నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి రాజోలు. తర్వాతి కాలంలో అమలాపురం కూడా ఈ మిషన్‌కి ముఖ్య కేంద్రమయింది. వాళ్ళ దేశంలో తోలుపని ఒక వృత్తి, మన దేశంలో అది అంటు. తోలు ముట్టిన చేతులే గ్రంథాన్నీ ముట్టడం మాదిగపల్లెకి ఎంత కొత్త సంగతో ఊహించవచ్చు. వాళ్ళూ తెల్లవాళ్ళ రాజ్యంలో తెల్లవాళ్ళేనన్న సంగతి మరువకుండానే ఈ మాట చెప్పుకోవాలి.

ఈ మిషన్ బ్రదరెన్ పద్ధతికి చెందింది. ఆ పద్ధతిలో అభిషేకం పొందిన పాదిరి అంటూ ఉండడు. ఆదివారం రొట్టె విరిచే కూటంలో ఏ సహోదరుడైనా లేచి, ఒక భాగం చదివి, దాని మీద మాట్లాడవచ్చు. వారమంతా ఆసామి ముందు చేతులు కట్టుకు నిలబడే మనిషికి పదిమందిలో లేచి గ్రంథానికి అర్థం చెప్పే హక్కు ఈ నియమంలో ఉంది. చదువురానివాళ్ళు విని గుర్తుపెట్టుకున్నారు. ఒకరు చదివితే పదిమంది వినడం పల్లెకి తెలిసిన పద్ధతే. కానీ అదే కూటంలో స్త్రీ ముసుగు వేసుకుని మౌనంగా కూర్చోవాలి. హక్కు సగం మందికే దక్కింది.

మాట కింద దాగిన పని

అనువాదం పండితుల చేతుల మీదుగా వచ్చింది కాబట్టి భాషలో ఒక చిక్కు మిగిలింది. ఎఫెసీయుల పత్రిక 6వ అధ్యాయంలో యజమానులకు లోబడమని ‘దాసుల’కు చెబుతుంది. గ్రీకులో ఆ మాట డూలోస్, అంటే కొనీ అమ్మే బానిస. తెలుగులో దాసుడంటే భక్తుడు కూడా, రామదాసు అన్నట్టు. దాంతో బానిసత్వం భక్తిలా వినబడుతుంది. కోనసీమలో ఆ పనిచేసినవాడికి ఉన్న పేరు పాలేరు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన నాటకానికి ఆ పేరే పెట్టాడు. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కాలువలు పారి, వరి పండినా ఆ పాలేరుకి భూమి రాలేదు. కాబట్టి చదివేటప్పుడు ప్రతి పెద్దమాట దగ్గరా ఆగి, దీనికింద ఎవరి చాకిరీ ఉంది అని అడగాలి.

మొదలుపెట్టేవాళ్ళకి

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. ఒక్కరే కూచోక నలుగురు కలిసి పైకి చదవండి. విడి వచనాలు కంఠతా పట్టించే అలవాటు మనకి సండే స్కూలు నుంచీ ఉంది. నిజానికి కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ వేసినవి. రాసినవాళ్ళు వేసినవి కావు. అందుకని కథ మొత్తం చదివాకే వచనం దగ్గరికి రావాలి.

రెండోది, పక్కపక్కన పెట్టి చూడటం. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని 1 కొరింథీయుల 14వ అధ్యాయం చూపిస్తారు. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థిస్తున్నారు, ప్రవచిస్తున్నారు కూడా. రెండూ చదివినమ్మాయి నోరు మూయించడం అంత తేలిక కాదు.

మూడోది, మన బతుకుతో చదవడం. లేవీయకాండం 25లో సునాద సంవత్సరం వస్తే పోయిన భూమి తిరిగి దక్కాలి. యాకోబు పత్రిక 5లో ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుంది. యోహాను 4లో బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్ళడిగితే ఆమె ఆశ్చర్యపోతుంది. నూతి దగ్గర దూరంగా నిలబడ్డ జాతికి ఆ ఆశ్చర్యం విడమరచి చెప్పాలా?

నాలుగోది, గ్రంథంతో వాదన. దళిత వేదాంతి ఎ.పి. నిర్మల్ ద్వితీయోపదేశకాండం 26లోని విశ్వాస ప్రకటనని దళితుల చరిత్రగా చదివాడు. దిక్కులేని జనం, చాకిరీ, మొర, విడుదల అందులో ఉన్నాయి. ఆ విడుదలైన జనమే యెహోషువ గ్రంథంలో కనానీయుల నేల ఆక్రమిస్తారు. మనం కనాను వైపు నిలబడి కూడా చదవాలి. అలా చదవడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, మొరపెట్టిన యోబు కూడా అదే గ్రంథంలో ఉన్నాడని చెప్పండి.

పుస్తకం ధర

ఈ పుస్తకం చేతబట్టడానికి దళితులు ధర కట్టారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బి.సి.–సి కింద పెట్టారు. అందుకే ఆదివారం చేతిలో ఉన్న బైబిలు సోమవారం కాగితాల్లో కనబడకుండా పోతుంది. ఇంత ధర పెట్టి తెచ్చుకున్న పుస్తకానికి అర్థం చెప్పే పని మళ్ళీ ఒక్క ‘దైవజనుడి’ చేతిలో పెట్టి మనం కళ్ళు మూసుకుంటే, పాత అగ్రహారం కొత్త గోడలతో లేచినట్టే.

విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగల పని ఒకటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లో ముసలమ్మలున్నారు. చదవను రాకపోయినా అధ్యాయాలకి అధ్యాయాలు ఒప్పజెప్పేవాళ్ళని వెతకండి. ఏ కథ ఎందుకు గుర్తుంచుకున్నారో అడగండి. పెట్టెల్లోని పాత బైబిళ్ళ అంచుల మీద పెన్సిలు గీతలు చూడండి. వాళ్ళు ఎక్కడ గీత గీశారో అక్కడే మన చరిత్ర మొదలవుతుంది.